పడమటి వాకిలి

మా కులంలో పెళ్లి ఇంట్లో జరగదు, కల్యాణ మండపంలోనూ జరగదు. ఊరి బయట బీడు మీద, ఆ పొద్దు తెల్లవారుతూనే నరికి తెచ్చిన కానుగ కొమ్మలతో ఒక గుడిసె వేస్తారు. పచ్చగుడిసె అంటాం. పెళ్లి అయిపోయాక దాన్ని ఎవరూ పీకరు. మేకలు తిన్నంత తినాలి, ఆకులు ఎండి రాలాలి, మిగిలిన కట్టెలు వాటంతట అవే పడిపోవాలి. గుడిసెకు ఒకటే వాకిలి. అది ఉత్తరం చూడాలి, ఎందుకంటే మా వాళ్ళు ఉత్తరం నుంచి వచ్చారు. ఎప్పుడు వచ్చారు, ఎవరికి భయపడి వచ్చారు అన్నదానికి మా ఊర్లో ఇంటికో కథ ఉంది. అందులో ఏదీ నేను పూర్తిగా నమ్మను. కానీ కొత్త జంట తల వంచుకుని గుడిసెలోంచి బయటికి వచ్చి, తల ఎత్తి మొదట చూడాల్సింది మేం వచ్చిన దారినే అన్నది మాత్రం నమ్ముతాను.

మా ఊరు కోవిల్‌పట్టి నుంచి నాగలాపురం పోయే వైపు, నల్లరేగడిలో ఉంది. పత్తి, మిరప, వాన దయ తలిస్తే సజ్జ. ఇంట్లో తెలుగు మాట్లాడతాం, గడప దాటితే అరవం. ఆంధ్ర నుంచి వచ్చినవాళ్ళు మా తెలుగు విని మూతి బిగించుకుని నవ్వుతారు. నవ్వనీ. నాకు తెలుగు అక్షరాలు నేర్పింది బడి కాదు. విరుదునగర్‌లో నేను పప్పుల మండీలో గుమాస్తాగా చేసేటప్పుడు గుంటూరు నుంచి మిరపకాయల లారీలు వచ్చేవి. సరుకు దిగేదాకా పని లేక కూర్చున్న డ్రైవర్లు లారీ వెనక రాసి ఉన్న అక్షరాలు చూపించి నాకు చదవడం నేర్పారు. అందుకే నా రాతలో ఇప్పటికీ కొంత మొరటుతనం ఉంటుంది.

పెళ్లి నడిపించేది బ్రాహ్మడు కాదు, ఊరి పెద్ద. మా ఊర్లో ఆ పెద్ద మా నాన్నకు అన్న, నాకు పెద్దయ్య. ఆయన ఇంట్లో ఒక చెక్కపెట్టెలో, వేపాకు మధ్య, నల్లగొర్రె బొచ్చుతో నేసిన ఒక కంబళి ఉండేది. పెళ్లికైనా పంచాయితీకైనా దాన్ని పరిచి, నడుమ ఇత్తడి చెంబులో నీళ్లు పోసి వేపమండ వేసి పెట్టాలి. కంబళి మీద కూర్చున్నవాడు అబద్ధం ఆడకూడదు. ఇది చట్టం కాదు, పోలీసు రాడు. కానీ పొలం గట్టు గొడవల్లో ఎంత మొండివాడైనా, "సరే, కంబళి మీదికి వచ్చి ఆ మాట చెప్పు" అంటే సగం గొడవ అక్కడే తేలిపోవడం నేను చూశాను. పెద్దయ్య మామూలుగా కూడా పొదుపుగా మాట్లాడేవాడు. కంబళి మీద అయితే ఇంకా తక్కువ.

తొంభైల నడుమ వరసగా వానలు ఎగ్గొట్టాయి. పత్తి మోకాలెత్తుకు రాకముందే మాడిపోయింది. మగపిల్లలు కోవిల్‌పట్టిలో అగ్గిపెట్టెల పనికి పోయారు. అక్కడ కూలి చాలక తాయిల్పట్టి వైపు టపాకాయల పనికి పోవడం మొదలుపెట్టారు. మా వీధిలో ఒకడు ఒక రోజు రెండు చేతులకూ కట్లతో తిరిగొచ్చాడు. కట్లు విప్పాక చూస్తే వేళ్లు ఒకదానికొకటి అంటుకుపోయి ఉన్నాయి. వాడికి అన్నం వాళ్ళమ్మ కలిపి పెట్టేది. ఆ తరువాతి వారం నా తమ్ముడు కూడా తాయిల్పట్టికే పోతానన్నాడు. ఇంట్లో పొయ్యి వెలగనప్పుడు వద్దని చెప్పే నోరు ఎవరికి ఉంటుంది?

సరిగ్గా అప్పుడే హోటలాయన వచ్చాడు. మదురై నుంచి కన్యాకుమారికి పోయే విదేశీయుల బస్సులు విరుదునగర్ దాటాక మధ్యాహ్నం భోజనానికి ఆగే హోటల్ అది. ఆయన మా మండీలో పప్పు కొనేవాడు. భోజనం అయ్యాక బస్సులవాళ్ళకు ఏదైనా చూపించాలని ఆయన కోరిక. మా పెళ్లి సంగతి ఎవరో చెప్పినట్టున్నారు. "మీవాళ్ళతో ఆ ఆకు గుడిసె పెళ్లి చేయించు. అంతా ఒరిజినల్‌గా ఉండాలి" అని అరవంలో నాతో అన్నాడు. ఒరిజినల్ అన్న మాట ఆయన నోట్లో కోవిల్‌పట్టి కడలమిఠాయి, అదే పల్లీల పాకం ముక్కలా తిరుగుతూనే ఉండేది, కరిగేది కాదు.

నేను భయపడుతూనే పెద్దయ్యతో చెప్పాను. తిడతాడనుకున్నాను. ఆయన నన్ను వదిలేసి, చేతులు కాలినవాడి ఇంటి వైపు కాసేపు చూశాడు.

"టపాకాయ మందు పని లేదు గదా అక్కడ?" అన్నాడు.

"లేదు పెద్దయ్యా. ఆట, పాట, అంతే."

"అట్లయితే పోదాం. కానీ ఆడబిడ్డ కూర్చోకూడదు. నల్లకంబళి ఊరు దాటకూడదు."

అలాగే చేశాం. పెళ్లికూతురిగా పాలు పోసే ఇంటి కుర్రవాడు మీసం గీయించుకుని కూర్చున్నాడు. పెళ్లికొడుకు నా తమ్ముడు. కంబళి అంటే కోవిల్‌పట్టి బజారులో కొన్న మిల్లు దుప్పటి. ఇదంతా హోటలాయనకు తెలుసు, ఆయన పట్టించుకోలేదు. కానీ మొదటి రోజు హోటల్ పెరట్లో గుడిసె కడుతున్నప్పుడు పెద్దయ్య వాకిలిని పడమరకు పెట్టించాడు. మా వెంట వచ్చిన ఊరి పిల్లలు వాళ్ళ జన్మలో గుడిసె కట్టింది లేదు, ఆయన ఎటు చూపిస్తే అటు గుంజ పాతారు. నేను మాత్రం ఉండబట్టలేక పక్కకు తీసుకుపోయి అడిగాను.

"తెలిసే పెట్టినా" అన్నాడు. "ఇది ఆట. అది పెళ్లి. రెండింటికీ నడుమ ఒక గోడ ఉండాల గదరా. కొమ్మ అదే, పాట అదే, డప్పు అదే. వాకిలి కూడా అదే అయితే ఇంక మన దగ్గర మిగిలేది ఏముండాది? ఒకటి మనకని దాచుకోవాల. ఎవరికీ చెప్పబాక."

పిల్లలకైనా చెప్పమంటే తల అడ్డంగా ఊపాడు. పిల్లలు హోటల్‌లో రోజూ ఉండేవాళ్ళు, నోరు జారితే ఆయన పెట్టుకున్న గోడ ఉండదు. ఆ రోజు నాకు అది గొప్ప తెలివిగా తోచింది. మేం అమ్మేది మొత్తం అమ్మడం లేదు అన్న ఒక ధైర్యం. హోటలాయనకు ఇంకో రకంగా నచ్చింది. మధ్యాహ్నం ఎండ తిన్నగా వాకిట్లో పడి, గుడిసెలోంచి వచ్చే జంట మొహాలు బంగారం పూసినట్టు వెలిగేవి. ఫోటోలు బాగా వచ్చేవి. ఆ ఫోటోతోనే ఆయన క్యాలెండర్ వేయించాడు.

వచ్చినవాళ్ళందరూ చెడ్డవాళ్ళు అని నేను అనను. ఒక ముసలావిడ గుడిసె దగ్గరికి వచ్చి, బూట్లు విప్పాలా అని నన్ను ఇంగ్లీషులో అడిగింది. హోటలాయన అక్కర్లేదని చేయి ఊపాడు. ఆవిడ ఆయన మాట లెక్కచేయకుండా విప్పి, వేడి నేల మీద అడుగులు ఎత్తెత్తి వేస్తూ వచ్చింది. పెద్దయ్య ఆవిడకు చేతులెత్తి దండం పెట్టాడు. మోసం చేస్తున్నానని ఆయనకు మొదటిసారి అనిపించింది ఆవిడ దగ్గరే అనుకుంటాను.

హోటలాయన ఏడాదికో ముక్క కోసేసేవాడు. పాటలు పొడుగన్నాడు, తగ్గించాం. డప్పు మెల్లగా ఉందన్నాడు, పెంచాం. నా తమ్ముడు ఆ పాలబ్బాయి మెడలో ఎన్నిసార్లు తాళి కట్టాడో దేవుడికే ఎరుక. ఊర్లో ఆడవాళ్ళు వాడిని "మీ ఇంటిది బాగుందా?" అని ఏడిపించేవాళ్ళు. కానీ మా వీధి నుంచి మళ్ళీ ఎవరూ టపాకాయల పనికి పోలేదు. ఇది చిన్న విషయం కాదు. ఆచారాన్ని అమ్ముకున్నారని మమ్మల్ని అన్నవాళ్ళు ఉన్నారు. వాళ్ళెవరూ మా పిల్లలకు వేరే పని చూపించలేదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో పెద్దయ్య కోవిల్‌పట్టి బస్టాండులో మెట్టు జారి పడ్డాడు. తుంటి విరిగింది. మంచం పట్టాడు. ఊర్లో పెళ్లిళ్లకు కంబళి ఆయన ఇంటి నుంచి పోయేది, ఆయన పోయేవాడు కాదు. ఇంకో పెద్ద కూర్చుని నడిపించేవాడు. నేను విరుదునగర్‌లో ఉండి భోజనాల వేళకు బస్సు దిగే రకం, గుడిసె సంగతి నాకు పట్టలేదు. తమ్ముడి పెళ్లికి మాత్రం ముందే వెళ్ళాను. ఈసారి నిజమైన పెళ్లికూతురు, నాగలాపురం పిల్ల. బీడు మీదికి పోయి చూస్తే గుడిసె అందంగా, నున్నగా ఉంది. వాకిలి పడమర చూస్తోంది.

గుడిసె కట్టినవాళ్ళను అడిగాను. అందరూ హోటల్‌లో పనిచేసిన పిల్లలే. "పెద్దయ్య నేర్పినట్లే కట్టినాం అన్నా" అన్నారు, మెచ్చుకుంటానని ఎదురుచూస్తూ. అంతకు ముందు జరిగిన పెళ్లిళ్లలోనూ అలాగే కట్టారట. ఒకరిద్దరు ముసలివాళ్ళు ఇదేమిటని గొణిగితే, పెద్దయ్యే చూపించినాడు అన్నారట. ఆ పేరు వినగానే ముసలివాళ్ళు తమకే మతి తప్పిందనుకుని ఊరుకున్నారు. డప్పు మోగుతోంది, పిల్లను తీసుకొస్తున్నారు. నేనూ ఊరుకున్నాను. తరువాత మంచం మీద ఉన్న మనిషికి ఈ మాట చెప్పి ఏం సాధించాలి? ఆయన దాచిపెట్టింది ఆయన దగ్గరే ఉండిపోయింది. ఆయన చూపించిన తప్పే ఊరి ఆచారమై కూర్చుంది. రాత్రిళ్లు కూడా అదే తలపోత. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

పెద్దయ్యను మంచం మీద చూసుకున్నది ఆయన మనవరాలు, కొడుకు కూతురు. అన్నం పెట్టేది, అరవ పేపరు చదివి వినిపించేది, ఆయన విసుక్కుంటే తనూ విసుక్కునేది. ఆయనకు ఒకే ఒక కోరిక మిగిలింది. ఇంటికి ఎవరు పోయినా అదే మాట.

"ఈ పాప పెళ్లి నేనే కంబళి మీద కూర్చొని చేయాల. అంతవరకూ ఉంటే చాలు."

సంబంధం కుదిరింది. నాగలాపురానికి ఆవల ఊరు, మావాళ్ళే. పెద్దయ్య మేకల దొడ్డి పక్కన కర్ర పట్టుకుని నడవడం మొదలుపెట్టాడు. నొప్పికి పళ్ళు కొరుక్కునేవాడు. నేను పోయినప్పుడు నన్ను కూడా పక్కకు జరగమని, ఒక్కడే దొడ్డి చివరిదాకా పోయి వచ్చి, "చూస్తివా?" అన్నాడు. పసిపిల్లాడు మొదటి అడుగు వేసినంత సంబరం ఆ మొహంలో. వాకిలి సంగతి ఎత్తకుండానే ఆ సాయంత్రం బస్సెక్కాను.

పెళ్లి రోజు తెల్లవారేసరికి బీడు మీదికి పోయాను. కొమ్మలు దిగాయి, గుంతలు తవ్వుతున్నారు. తమ్ముడే దగ్గరుండి కట్టిస్తున్నాడు. వాకిలి ఉత్తరానికి పెట్టమన్నాను. ఎందుకన్నాడు. ఇంక దాచి లాభం లేదని హోటల్ పెరట్లో పెద్దయ్య నాతో అన్న మాట మొత్తం చెప్పాను.

తమ్ముడు గడ్డపార వదిలేసి నిలబడ్డాడు. మొహం నల్లబడింది.

"అయితే మాది ఏంది అన్నా?" అన్నాడు. "ఈ గుడిసె ఉత్తరం చూస్తే, మేము కూర్చొన్నది ఆటనా? నా బిడ్డ ఆటకు పుట్టిందా?"

"అట్లా కాదురా..."

"ఎట్ల కాదు? ఈ పొద్దు మార్చితే ఎందుకు మార్చినారని అడగరా? నా ఒక్కడిదేనా? ఈ ఊర్లో ఎన్ని ఇండ్లు ఉండాయి అట్ల? నాగలాపురంలో మా మామకు తెలిస్తే ఆయన ఏం అంటాడు?"

అల్లంత దూరంలో వాడి భార్య చంకలో బిడ్డతో పూలు పంచుతోంది. బిడ్డ ఒక పువ్వు నోట్లో పెట్టుకుంటే లాగేస్తోంది. తమ్ముడు మళ్ళీ గడ్డపార తీసుకుని, గుంజలు పడమర వైపే పాతించాడు. నేను ఆపలేదు. ఆపితే ఎవరి వైపు ఆపినట్టో నాకు అర్థం కాలేదు.

పొద్దెక్కాక పెద్దయ్య ఆటోలో వచ్చాడు. చలువ పంచె, తలపాగా. నలుగురు పట్టుకోబోతే వద్దని కర్ర మీద దిగాడు. పది అడుగులు వేసి ఆగిపోయాడు. గుడిసె చూశాడు. సూర్యుణ్ణి చూశాడు. మళ్ళీ వాకిలి చూశాడు. తరువాత నన్ను చూశాడు. నా మొహంలోనే ఆయనకు మొత్తం కనబడి ఉంటుంది, ఎందుకంటే నేను కళ్ళు దించుకున్నాను. చుట్టూ ఉన్న, తను మంచం పట్టాక పెళ్లయిన జంటలను ఒక్కొక్కరినే చూసుకుంటూ పోయాడు. తమ్ముడి భార్య బిడ్డను ఆయన కాళ్ళ దగ్గర దించి దండం పెట్టించింది. ఆయన వంగలేక కర్ర పట్టని చేత్తో గాలిలోనే దీవించాడు.

వాకిలి ముందు నల్లకంబళి పరిచి ఉంది, నడుమ చెంబు, వేపమండ. పెద్దయ్య నెమ్మదిగా దాని మీద కూర్చున్నాడు. ఇన్నేళ్ళు ఎదురుచూసింది ఈ కూర్చోవడం కోసమే. ఏమీ మాట్లాడకుండా పెళ్లి నడిపిస్తాడని నాకు కొంచెం ఆశ పుట్టింది. ఎవరూ అడగకపోతే చెప్పాల్సిన పని లేదు కదా.

పెళ్లికొడుకు తండ్రి అడిగాడు. మంచి మనిషి, తగువు పెట్టాలని కాదు. గుడిసె చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, అందరి ముందూ చేతులు కట్టుకుని నిలబడి, వియ్యంకుడి వరస కలిపి అడిగాడు.

"సమ్మందీ, తప్పుగా అనుకోబాకండి. మా ఊర్లో వాకిలి ఉత్తరం చూస్తాది. మీ ఊర్లో వాడిక ఇట్లనేనా? మీరు చెప్తే సరి."

డప్పు ఆగింది. ఆడవాళ్ళ మాటలు కూడా ఆగాయి. తమ్ముడు గుంజ పట్టుకుని నిలబడి పెద్దయ్యనే చూస్తున్నాడు. కాదు అంటే ఆ బీడు మీద నిలబడి ఉన్న ఎన్నో కాపురాలకు మచ్చ. అవును అంటే కంబళి మీద అబద్ధం. పెద్దయ్య చెంబులో నీళ్ల వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆ క్షణంలో నేను ఆయన నిజం చెప్పాలని కోరుకోలేదు. ఆ మాట దాచను.

పెద్దయ్య కర్ర నేలకు ఆనించి లేవడం మొదలుపెట్టాడు. నేను పరిగెత్తి పట్టుకున్నాను. అంగుళం అంగుళం జరిగి, ఒక కాలు, తరువాత రెండో కాలు కంబళి మీద నుంచి దించి మట్టిలో పెట్టాడు. పూర్తిగా దిగాడా లేదా అని కిందికి చూసుకున్నాడు. అప్పుడు తల ఎత్తాడు.

"అవును సమ్మందీ" అన్నాడు. గొంతు గట్టిగానే వచ్చింది. "మా ఊర్లో పడమరే. నేనే పెట్టించినా."

పెళ్లికొడుకు తండ్రి తల ఊపి, అయితే సరే అన్నాడు. జనం మళ్ళీ మాటల్లో పడ్డారు. ముసలివాళ్ళలో ఇద్దరు మాత్రం ఆయన పాదాల వైపు చూసి, ఒకరినొకరు చూసుకున్నారు. వాళ్ళకు తెలిసిపోయింది. పెద్దయ్య తిరిగి కూర్చుంటాడని నేను చేయి అందించాను. ఆయన పట్టుకోలేదు.

"ఇంక మీరు కూర్చొండి సమ్మందీ" అన్నాడు. "మీరే చేయండి."

ఎంతమంది బతిమాలినా ఆయన మళ్ళీ కంబళి ఎక్కలేదు. ఆ రోజే కాదు, బతికినన్నాళ్ళూ ఎక్కలేదు. పంచాయితీకి పిలవడానికి వచ్చిన ప్రతివాడినీ వెనక్కి పంపేశాడు. కానీ అది తరువాతి మాట. ఆ పొద్దు పెళ్లికొడుకు తండ్రి మొహమాటపడుతూ ఆ చోట కూర్చుని పెళ్లి నడిపించాడు. పెద్దయ్య నా భుజం మీద చేయి వేసి మట్టిలో నిలబడ్డాడు. ఆ చేతి బరువు పెరుగుతూ పోయింది.

తాళి పడ్డాక జంట గుడిసెలోంచి తల వంచి బయటికి వచ్చింది. తల ఎత్తి చూస్తే వాళ్ళకు ఎదురుగా పత్తి చేలు, దూరంగా రోడ్డు. పిల్ల తాత కోసం కంబళి మీద వెతికి, అక్కడ మామగారు కూర్చుని ఉండటం చూసి బిత్తరపోయింది. మమ్మల్ని చూసి దగ్గరికి వచ్చింది.

"తాతా, కూర్చొని చేస్తానంటివే?"

"కాలు నొప్పి తల్లీ" అన్నాడు పెద్దయ్య.

కాలు నొప్పి అయితే ఎవరైనా కూర్చుంటారు గానీ నిలబడరు. ఆ పిల్లకు ఆ సంగతి తట్టిందేమో, ఆయన మొహంలోకి ఒకసారి పరకాయించి చూసింది. వంగి దండం పెట్టింది. ఆయన దీవించి, పెళ్లివాళ్ళు భోజనాలకు లేచేదాకా అలాగే నిలబడి ఉన్నాడు.